నేపాల్ సాహిత్యం చదవడం ఎలా: ఒక భాష పక్కన ఇంకో భాష పెట్టుకుని

నేపాల్ సాహిత్యం అనగానే నేపాలీ భాషలో రాసిన పుస్తకాలే అనుకుంటాం. కానీ 2021 జనాభా లెక్కల్లో ఆ దేశంలో నమోదైన మాతృభాషలు 124. నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 45 శాతమే. అంటే సగానికి పైగా జనం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది మైథిలో, భోజ్‌పురియో, థారూయో, తమాంగో, నేపాల్ భాషో (కాఠ్మాండూ లోయలోని నేవార్ల భాష, నేపాలీ కాదు), మరొకటో. 2015 రాజ్యాంగం ఈ మాతృభాషలన్నిటినీ జాతీయ భాషలుగానే గుర్తించింది.

వీటిని ఒక్కొక్కటిగా వరసబెట్టి చదవాలంటే ఒక జీవితం చాలదు. అందుకే ఇక్కడ నేను చెప్పే పద్ధతి వేరు. నేపాలీలో పేరున్న ఒక రచన తీసుకోండి. దాని పక్కనే అదే నేలకు చెందిన ఇంకో భాష పాటనో, కావ్యాన్నో, కథనో పెట్టుకుని రెండూ కలిపి చదవండి. నేపాలీలో గొప్పవనిపించుకున్న రచనల వెనక చాలాసార్లు మరో భాష గొంతు ఉంటుంది. జంటగా చదివితేనే అది వినిపిస్తుంది.

1. ముందు పటం గీసుకోండి

ఒక కాగితం మీద నేపాల్‌ని మూడు అడ్డ చారలుగా గీయండి. కింద తరాయి మైదానం, మధ్యలో కొండలు, పైన హిమాలయం. కింది చారలో తూర్పు నుంచి పడమరకు జనక్‌పూర్ చుట్టూ మైథిలి, బీర్‌గంజ్ చుట్టూ భోజ్‌పురి, నేపాల్‌గంజ్ చుట్టూ అవధి అని రాయండి. థారూ ఈ చార పొడుగునా ఉంటుంది. మధ్య చారలో తూర్పున లింబూ, రాయీ భాషలు, కాఠ్మాండూ లోయలో నేపాల్ భాష, లోయ చుట్టూ కొండల్లో తమాంగ్, ఇంకా పడమరకు వెళ్తే గురుంగ్, మగర్. పై చారలో షేర్పా, ఇతర టిబెటన్ సంబంధ భాషలు. తూర్పు తరాయిలో ఉరావ్ లేదా ఝాంగడ్ అని పిలిచేవాళ్లు మాట్లాడే కుడుఖ్ కూడా ఉంది. అది ద్రావిడ కుటుంబానిదే, అంటే మన తెలుగుకు దూరపు చుట్టం.

నేపాలీ పుట్టిల్లు పడమటి కొండల్లోని కర్ణాలి ప్రాంతం. సింజా లోయ, దుల్లు దగ్గరి శాసనాల్లో దాని పాత రూపం కనిపిస్తుంది. అప్పట్లో అది ఖస్ భాష. 18వ శతాబ్దంలో గోర్ఖా రాజు పృథ్వీ నారాయణ్ షా కాఠ్మాండూ లోయను గెలుచుకున్నాక అది రాజ్యంతో పాటు విస్తరించింది. 20వ శతాబ్దం మొదట్లో కూడా ప్రభుత్వం దాన్ని గోర్ఖా భాష అనే పిలిచేది. లోయలో అంతకు ముందు నుంచీ ఉన్న నేవార్ల భాష పేరు నేపాల్ భాష. నేపాలీ వేరు, నేపాల్ భాష వేరు. కొత్త పాఠకులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పుస్తకాలు వెతికేటప్పుడు నేవారీ అన్న పేరుతో కూడా వెతకండి, కానీ ఆ భాషవాళ్లు ఇష్టపడే పేరు నేపాల్ భాషే.

2. లిపి, సంవత్సరం, సంబోధన

నేపాలీ, మైథిలి, థారూ, ఇప్పుడు ముద్రణలో ఉన్న నేపాల్ భాష, అన్నీ దేవనాగరిలోనే ఉంటాయి. బడిలో హిందీ చదివి ఉంటే లిపి గురించి టెన్షన్ అక్కర్లేదు. విభక్తులు నాలుగు పట్టుకోండి: లే, లాయీ, కో, మా. వాక్యం చివర ఛ, హో, థియో కనిపిస్తే క్రియ అక్కడుందని అర్థం. నిఘంటువు కావాలంటే రాల్ఫ్ టర్నర్ 1931లో వేసిన నేపాలీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాతదే అయినా ప్రతి మాటకూ మూలం చూపిస్తుంది.

నేపాలీ పుస్తకాల మీద విక్రమ సంవత్సరం ఉంటుంది. అందులోంచి 57 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు అయితే 56. నేపాల్ భాష పుస్తకాల మీద నేపాల్ సంవత్ ఉంటే దానికి సుమారు 880 కలపండి.

సంబోధన కూడా గమనిస్తూ చదవండి. నేపాలీలో తఁ, తిమీ, తపాయిఁ అని మూడు మెట్లున్నాయి. నువ్వు, మీరు తేడాలో పెరిగిన తెలుగువాళ్లకి ఇది సులభంగానే పట్టుబడుతుంది. నవలలో ఒక పాత్ర తపాయిఁ నుంచి తిమీకి దిగిందంటే అక్కడ సంబంధం మారిందన్నమాట. ఇంగ్లీషు అనువాదంలో ఇది సాధారణంగా ఎగిరిపోతుంది.

3. భానుభక్తుణ్ణి పైకి చదవండి

భానుభక్త ఆచార్య (1814–1868) తనహూఁ జిల్లాకు చెందిన బ్రాహ్మణ కవి. సంస్కృతంలోని అధ్యాత్మ రామాయణాన్ని నేపాలీలోకి తెచ్చాడు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. తర్వాత మోతీరామ్ భట్ట అనే కుర్ర కవి బనారస్‌లో దాన్ని అచ్చు వేయించాడు, 1891లో భానుభక్తుడి జీవిత చరిత్ర కూడా రాశాడు. 30 ఏళ్లకే పోయిన ఈ మోతీరామ్ లేకపోతే ఇవాళ భానుభక్తుణ్ణి ఆదికవి అనేవాళ్లే ఉండేవాళ్లు కాదేమో.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. రామాయణం మొదటి పాదం ఇది:

ఏక్ దిన్ నారద సత్యలోక్ పుగిగయా లోక్‌కో గరూఁ హిత్ భనీ

లోకానికి మేలు చేద్దామని ఒక రోజు నారదుడు సత్యలోకం చేరుకున్నాడు అని భావం. గణాలు విడదీసి చూడండి. ఏక్-దిన్-నా మగణం, ర-ద-సత్ సగణం, య-లోక్-పు జగణం, గి-గ-యా సగణం, లోక్-కో-గ తగణం, రూఁ-హిత్-భ తగణం, చివర నీ గురువు. మ స జ స త త గ. అచ్చమైన శార్దూలం! పోతన, శ్రీనాథుడు వాడిన వృత్తంలోనే కొండ ప్రాంతపు వాడుక మాటలు నడుస్తున్నాయి. మన యతి ప్రాసలు ఇందులో ఉండవు, బదులుగా పాదాల చివర అంత్యప్రాస ఉంటుంది. శార్దూలం రాగం తెలిసినవాళ్లు ఈ పాదాన్ని అదే రాగంలో చదివి చూడండి. అర్థం తెలియకముందే నడక తెలిసిపోతుంది.

దీని జంట నేపాల్ భాషలోని రామాయణం. సిద్ధిదాస్ మహాజు (1867–1929) దాన్ని రాశాడు. రాజు పేరు మీద అధికారం చెలాయించిన రాణా వంశపు ప్రధానులు నేపాల్ భాషను కోర్టు కాగితాల్లోంచి తోసేస్తున్న రోజుల్లో, తన భాషలోనూ రామాయణం ఉండాలని పట్టుబట్టిన మనిషి ఆయన. అది దొరకడం కష్టం. దొరక్కపోయినా ఆ రెండో రామాయణం ఉందన్న సంగతి మనసులో పెట్టుకుని ముందుకు వెళ్లండి.

4. మునామదన్: ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు

లక్ష్మీప్రసాద్ దేవకోటా (1909–1959) సంస్కృత వృత్తాల్లో శాకుంతల మహాకావ్యం రాసినవాడు. అయినా జనం గుండెల్లో ఉన్నది మాత్రం 1936లో వచ్చిన చిన్న కావ్యం మునామదన్. చదువు రాని నేపాలీయుడికి కూడా ఇందులో రెండు పాదాలు నోటికి వస్తాయి.

కథ చిన్నది. కాఠ్మాండూ కుర్రాడు మదన్, కొత్తగా పెళ్లయిన భార్య మునా, ఇంట్లో ముసలి తల్లి. అప్పు తీర్చి, ఇల్లు బాగుచేసి, అమ్మ కోరికలు నెరవేర్చాలని మదన్ ల్హాసాకు బయల్దేరతాడు. మునా వద్దంటుంది. బంగారం సంచులు చేతి మురికి లాంటివి, ఆకుకూరా దూలగొండాకూ తిని సంతోషంగా ఉందామంటుంది. అతను వినడు. తిరుగు దారిలో కలరా వస్తే తోటివాళ్లు అడవిలో వదిలేసి పోతారు. అప్పుడు అతన్ని ఇంటికి తీసుకెళ్లి బతికించింది ఒక భోటే, అంటే టిబెటన్ జాతివాడు. మదన్ పైకులం వాడు. తాను తక్కువగా చూడాల్సినవాడి కాళ్లు పట్టుకుని, మనిషి పెద్దవాడయ్యేది మనసుతో, కులంతో కాదంటాడు. అతను ఇల్లు చేరేసరికి, మదన్ చనిపోయాడని ఒక దుర్మార్గుడు పుట్టించిన కబురుకు మునా కుప్పకూలి ప్రాణం విడిచి ఉంటుంది.

చదివేటప్పుడు మూడు పనులు చేయండి. మొదటిది, ఛందస్సు వినండి. ఇది ఝ్యావురే, కొండ పల్లెల్లో ఆడా మగా కలిసి పాడుకునే పాటల బాణీ. పండితులు చిన్నచూపు చూసిన ఆ బాణీని దేవకోటా కావ్యానికి ఎక్కించాడు. పాడిన రికార్డింగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పుస్తకం పట్టుకుని వాటితో పాటు చదవండి.

రెండోది, జంటను చేర్చండి. మునామదన్‌కి ప్రేరణ నేపాల్ భాషలోని ఒక పాత పాట అని చెబుతారు. 'జి వయా లా లఛి మదునీ' అని మొదలవుతుంది. నేను వచ్చి నెలైనా కాలేదు అని అర్థం. పెళ్లయి వచ్చిన కోడలి గోడు అది. భర్త టిబెట్ వ్యాపారానికి బయల్దేరుతుంటే ఆపమని బతిమాలుతుంది. ఈ పాట విన్నాక మునా మాటల్ని మళ్లీ చదివితే ఆమె ఒక్కతే మాట్లాడుతున్నట్టు ఉండదు. ల్హాసాలో దుకాణాలు పెట్టి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయిన నేవార్ వర్తకుల ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు పాడిన మాటలవి.

మూడోది, ల్హాసా స్థానంలో ఇవాళ్టి ఊరు పెట్టి చూడండి. నేపాలీ కుర్రాళ్లు ఇప్పుడు ఖతార్, మలేషియా, ఢిల్లీ వెళ్తున్నారు. హైదరాబాద్ హోటళ్లలో, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర కనిపించే నేపాలీ వాళ్లని మునామదన్ తెలుసా అని అడిగి చూడండి. మంచి సంభాషణ మొదలవుతుంది. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన కరీంనగర్, కడప ఇళ్లవాళ్లకు ఈ కావ్యం గురించి నేను వివరించాల్సిన పని లేదు.

5. 1941వ సంవత్సరం దగ్గర ఆగండి

ఆ ఏడాది నేపాల్‌లో రాసినందుకే మనుషులు జైలుకి వెళ్లారు. రాణాల పాలనలో అది కొత్త కాదు. 1920లో కృష్ణలాల్ అధికారి అనే ఆయన మొక్కజొన్న సాగు మీద పుస్తకం వేస్తే, అందులోని పురుగుల వర్ణన పాలకుల్ని ఉద్దేశించిందని జైల్లో పెట్టారు. ఆయన అక్కడే చనిపోయాడు.

చిత్తధర్ 'హృదయ' (1906–1982) నేపాల్ భాష కవి, ల్హాసా వర్తకుల కుటుంబం వాడు. తన భాషలో ఒక కవిత రాసినందుకు 1941లో జైలు శిక్ష పడింది. లోపల కాగితం దొరకదు. దొరికిన చీటీల మీద దొంగచాటుగా రాసి, అన్నం తెచ్చే చెల్లెలు మోతీలక్ష్మి ద్వారా బయటికి పంపేవాడు. అలా పూర్తయిందే బుద్ధుడి జీవితం మీద 19 సర్గల మహాకావ్యం సుగత సౌరభ. ఈ చెల్లెలు కూడా ఆధునిక నేపాల్ భాషలో తొలి రచయిత్రిగా పేరు తెచ్చుకుంది.

ఈ కావ్యాన్ని టాడ్ లూయిస్, సుబర్ణమాన్ తులాధర్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో సిద్ధార్థుడి పుట్టుక, పెళ్లి సర్గలు ముందు చదవండి. చెప్పేది కపిలవస్తు గురించే, కానీ ఇళ్లూ పండగలూ నగలూ పెళ్లి తంతులూ కాఠ్మాండూ లోయవి. నిషేధించిన భాషలో ఒక జాతి తన దైనందిన జీవితాన్నంతా బుద్ధుడి కథలో దాచుకుంది. నేపాల్‌లో రాసిన పుస్తకాల్లో ఒక్కటే చదవగలిగితే ఇదే చదవమంటాను.

దీనికి జంట అదే 1941 నాటి యోగమాయ. తూర్పు కొండల్లో భోజ్‌పూర్ ప్రాంతపు సన్యాసిని. కులాన్నీ, వడ్డీ వ్యాపారుల్నీ, రాణాల అన్యాయాన్నీ నేపాలీ వాణీల్లో, అంటే తను చెప్పిన పద్యాల్లో నిలదీసింది. ధర్మరాజ్యం ఇవ్వమని అడిగి, జవాబు రాక, అరవై మందికి పైగా అనుచరులతో అరుణ్ నదిలో దూకి ప్రాణాలు వదిలింది. అధికారం ఒక్క నేపాల్ భాషనే అణచలేదని, నేపాలీలో ప్రశ్నించినా ఊరుకోలేదని ఈ ఇద్దరినీ కలిపి చదివితే తెలుస్తుంది.

1960 నుంచి 1990 దాకా పార్టీలు లేకుండా రాజు నేరుగా నడిపిన పంచాయతీ పాలనలో ఒకే భాష, ఒకే వేషం, ఒకే దేశం అన్న నినాదం వచ్చింది. 1965లో రేడియో నేపాల్ నేపాల్ భాష ప్రసారాల్ని ఆపేసింది. కవులు వీధుల్లో సాహిత్య సభలు పెట్టి నిరసన తెలిపారు. 1990 ముందు నాటి పుస్తకం ఏది చదువుతున్నా ఈ నేపథ్యాన్ని గుర్తుంచుకోండి.

6. మైథిలికి సరిహద్దు గీత గీయకండి

విద్యాపతి (14–15 శతాబ్దాలు) పదాలు బీహార్‌వా, నేపాల్‌వా అని అడగడంలో అర్థం లేదు. మిథిల రెండు దేశాల్లోనూ ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మైథిలి మాతృభాష కాని నేవార్ మల్ల రాజులు తమ ఆస్థానంలో మైథిలి నాటకాలు రాయించారు, స్వయంగా రాశారు. భక్తపూర్ రాజు జగజ్జ్యోతిర్మల్ల వాళ్లలో ఒకడు. కాబట్టి విద్యాపతి పదాలు ఒక పది చదివాక మల్లల నాటకాల గురించి చదవండి. పాటన్‌లో సిద్ధినరసింహ మల్ల 17వ శతాబ్దంలో మొదలుపెట్టిన కార్తీక నాచ్ ఇప్పటికీ కార్తీక మాసంలో రాజభవనం ముందు ఆడతారు. అందులో నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చంపే ఘట్టానికి జనం విరగబడతారు.

రాజాస్థానం ఒక్కటే మిథిల కాదు. దుసాధ్ కులస్థుల వీరుడు సల్‌హేస్ గాథని కూడా వినండి. సిరహా జిల్లాలో లహాన్ దగ్గర ఆయన పూలతోట ఉంది. వైశాఖ తొలి రోజున అక్కడ ఒక చెట్టు మీద దండలా తెల్లని పువ్వు పూస్తుంది. అది ఆయన్ని ప్రేమించిన మాలిని వేసిన దండ అని నమ్మి జనం తండోపతండాలుగా వస్తారు.

7. నోటి సాహిత్యాన్ని చదవడం ఎలా?

ఈ మెట్టు అసలు కష్టం. లింబూ, రాయీ జాతుల ముంధుమ్ ఒక పుస్తకం కాదు. సృష్టి కథ, వంశాల వలస, పెళ్లి, చావు, అన్నిటికీ పాడే పాఠాల సముదాయం అది. లింబూల్లో ఫెదాంగ్‌మా, సాంబా, యేబా అనే కర్మకర్తలు సందర్భాన్ని బట్టి చెబుతారు. దాన్ని కథల పుస్తకంలా మొదటి పేజీ నుంచి చివరి పేజీకి చదివితే విసుగొస్తుంది. ఒక్క సందర్భం ఎంచుకోండి, పెళ్లో మరొకటో. ఆ భాగం చదివి, ఆ తంతు వీడియో చూడండి. పునరుక్తులు దాటేయకండి, జంట మాటలతో సాగే ఆ నడకలోనే దాని అందం ఉంది.

బైరాగీ కాఁయిలా ముంధుమ్ పాఠాల్ని సేకరించి అనువాదాలతో ప్రచురించారు. ఆయన 1960లలో డార్జిలింగ్‌లో తేస్రో ఆయామ్ అనే కవితా ఉద్యమం నడిపిన ముగ్గురిలో ఒకరు. అంతటి ఆధునిక నేపాలీ కవి తన తాతల నోటి మాటల వైపు తిరిగి, ఏళ్ల తరబడి ఆ పని చేశారు. ఆయన కవితలకు పక్కన పెట్టాల్సిన జంట ఆయనే సేకరించిన ముంధుమ్. లింబూలకు సిరిజంగా అనే సొంత లిపి కూడా ఉంది.

ముంధుమ్ కొంచెం పరిచయమయ్యాక బీపీ కోయిరాలా నవల సుమ్నిమా చదవండి. ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన కోయిరాలా (1914–1982) 1960లో రాజు చేతిలో పదవి పోగొట్టుకుని సుందరీజల్ జైల్లో ఉన్నప్పుడు రాసిన నవల అది. కోసి నది ఒడ్డున నిష్ఠ, తపస్సులతో ఒంటిని ఎండగట్టుకునే బ్రాహ్మణ కుర్రాడు సోమదత్తుడు, శరీరాన్ని సంతోషంగా ఒప్పుకునే కిరాత పిల్ల సుమ్నిమా (రాయీ, లింబూ లాంటి జాతుల ఉమ్మడి పేరు కిరాత). కిరాతుల ముంధుమ్‌లో సుమ్నిమా ఆదిమాత పేరు. అది తెలిసి చదివితే నవల లోతు పెరుగుతుంది. తెలిశాక ఒక ప్రశ్న కూడా వస్తుంది: కిరాతుల గురించి ఒక బ్రాహ్మణ రచయిత ఊహ ఇందులో ఎంత, వాళ్ల సొంత మాట ఎంత? దానికి జవాబు వెతకాలంటే రాజన్ ముకారుంగ్ లాంటి కిరాత రచయితల దగ్గరికి వెళ్లాలి.

దాంగ్ లోయలోని థారూల దగ్గర బర్కా నాచ్ ఉంది. అది వాళ్ల మహాభారతం, పాడుతూ ఆడేది. మన దగ్గర జానపదుల భారత కథలు విన్నవాళ్లకు పాండవులు ఊరి మనుషులైపోవడం కొత్తగా అనిపించదు. దీనికి ఇంగ్లీషు అనువాదం ఉంది.

8. నవలలూ, ఒక కవితా

ఇక్కడికి వచ్చాక దారి తేలిక. పారిజాత్ (1937–1993) డార్జిలింగ్‌లో పుట్టిన తమాంగ్ స్త్రీ. ఆమె 1965 నవల శిరీష్ కో ఫూల్‌కి మదన్ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం పొందిన తొలి రచయిత్రి ఆమె. బర్మా యుద్ధంలో ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేసిన మాజీ సైనికుడు సుయోగ్‌వీర్ తనే చెప్పే కథ అది. చదవడానికి చిన్నది, తట్టుకోవడానికి పెద్దది.

బుద్ధిసాగర్ కర్ణాలీ బ్లూస్ తండ్రీ కొడుకుల కథ. పడమటి మైదానం నుంచి కర్ణాలి కొండల దాకా వెళ్తుంది. నయనరాజ్ పాండే ఉలార్ నేపాల్‌గంజ్ గుర్రబ్బండి తోలేవాడి కథ. అవధి మాట్లాడే ఊరు నేపాలీ నవలలో ఎలా వినిపిస్తుందో గమనించండి.

శ్రవణ్ ముకారుంగ్ కవిత బిసే నగర్చీకో బయాన్‌ని మాత్రం వదలకండి. పృథ్వీ నారాయణ్ షాకి యుద్ధానికి డబ్బు లేకపోతే, ఇంటింటికీ ఒక రూపాయి పోగు చెయ్యమని సలహా ఇచ్చింది బిసే నగర్చీ అనే దళిత దర్జీ అని ఐతిహ్యం. రెండున్నర శతాబ్దాల తర్వాత ఆ బిసే వచ్చి, దొరా నాకు పిచ్చెక్కింది అని మాట్లాడతాడు ఈ కవితలో. రాజు పాలన మీద లేచిన 2006 ప్రజా ఉద్యమానికి ముందు రోజుల్లో సభల్లో ఇది మారుమోగింది. మొదటి మెట్టులో మీరు గీసిన పటాన్ని తయారుచేసిన రాజు కథ, అట్టడుగు మనిషి నోట ఎలా ఉంటుందో ఇందులో ఉంది.

9. భారత్ వైపు అర, పుస్తకాలు దొరికే చోటు

నేపాలీ 1992 నుంచి మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉంది. డార్జిలింగ్, సిక్కిం, అస్సాం రచయితలు లేకుండా ఈ సాహిత్యం సగమే. ఇంద్రబహదూర్ రాయ్ కథలు, అస్సాంలో స్థిరపడ్డ లీల్‌బహదూర్ ఛెత్రీ నవల బసాయిఁ తప్పక చదవండి. బసాయిఁలో ధనే అనే రైతు వడ్డీకి నేల పోగొట్టుకుని ఊరు వదులుతాడు. మైకేల్ హట్ ఇంగ్లీషు అనువాదం బాగుంటుంది. మునామదన్, కర్ణాలీ బ్లూస్ కూడా ఆయనే అనువదించారు. ముఖ్యమైన ఆధునిక నేపాలీ కవుల్ని ఒకచోట పరిచయం చేసే ఆయన సంకలనం హిమాలయన్ వాయిసెస్ కొని పక్కన పెట్టుకోండి. సాహిత్య అకాడమీ పుస్తకాల దుకాణాల్లో నేపాలీ నుంచి వచ్చిన అనువాదాల అర అడిగి చూడండి.

ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రకు వెళ్లేవాళ్లు కాఠ్మాండూలో ఒక పూట మిగుల్చుకుంటే చాలు. బాగ్‌బజార్‌లో పుస్తకాల దుకాణాలున్నాయి. పాటన్ ఢోకా దగ్గర మదన్ పురస్కార్ పుస్తకాలయం నేపాలీ ముద్రిత సాహిత్యానికి పెద్ద నిధి. నేపాల్ భాష తాళపత్రాలు, చేతిరాత ప్రతులు చూడాలంటే ఆశా సఫూ కుథి. వెళ్లే వీలు లేనివాళ్లు గోరఖాపత్ర దినపత్రికలో దేశంలోని వేర్వేరు భాషలకు కేటాయించే పేజీల్ని ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఈ వారం థారూ, వచ్చే వారం లింబూ అన్నట్టు తిప్పుతూ వెళ్లండి. అర్థమైనంత అర్థమవుతుంది, మిగతాది నిఘంటువు చూసుకుంటుంది.

చదువుతూ రాసుకునే నోట్సులో మాత్రం ప్రతి పుస్తకానికీ రెండు గడులు పెట్టుకోండి. ఒకదానిలో పుస్తకం భాష, రెండోదానిలో పాత్రలు ఇంట్లో మాట్లాడుకునే భాష. ఈ రెండూ వేరైన చోటల్లా ఆగి, ఆ రెండో భాషలో ఒక పాటైనా వెతికి వినండి.